అత్తగారి పదికి పది

పోయిన వారం మనం ప్రశ్నలమ్మను లిఫ్టు పక్కన అంటించిన నోటీసు ముందు నిలబెట్టి వచ్చేశాం. పాపం, ఇంకా అక్కడే ఉంది. భుజాన సంచీ, సంచీలో ఫారాలు, చెవి మీద పెన్ను, వెనకాల సగం బిల్డింగు జనం. నోటీసులో ఉన్నది నాలుగు వాక్యాలే. వచ్చే నెల ఒకటో తారీఖు నుంచి ఈ బిల్డింగుకు రోజుకు ఆరు గంటల కరెంటు కాస్తా నాలుగు గంటలవుతుంది. లిఫ్టు పూర్తిగా ఆపేస్తారు. మిగిలిన కరెంటు వేరే బిల్డింగులకు పోతుంది. కారణం, ఇక్కడ ఉండేవాళ్ల సంతృప్తి పదికి తొమ్మిది దాటింది.

ఆ తొమ్మిది ఎక్కణ్ణించి వచ్చిందో ఎవరూ ఎవర్నీ అడగలేదు. అందరూ ప్రశ్నలమ్మ వీపు వైపే చూస్తున్నారు. కరెంటు, నీళ్లు, పెట్రోలు అన్నీ కొలిచి పంచుకోవాల్సిన రోజులు వచ్చాక పుట్టిన ఉద్యోగం ఆమెది. ఇంటింటికీ వెళ్లి కూర్చుని, "ఇప్పుడు ఉన్నదాంతో మీరు ఎంత బాగున్నారు? పదికి ఎన్ని వేసుకుంటారు?" అని అడగడం, చెప్పిన అంకె రాసుకుని ఆఫీసులో ఇవ్వడం. ఆ అంకెలు చివరికి ఎక్కడికి పోతాయో ఏడేళ్లలో ఒక్కసారి కూడా ఆమె ఆరా తీయలేదు. ఇప్పుడు తీయకుండానే తెలిసింది.

"అయితే బాగున్నామని చెప్పినందుకు మనకు కోత పెట్టారన్నమాట," అన్నాడు కింది వాటాలో బట్టలు కుట్టే దర్జీ బాబాయి. కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే ఆమెకు కాస్త తేలికగా ఉండేది.

"నేను సొంతంగా ఏమీ రాయలేదు బాబాయిగారూ. మీరు పది అన్నారు, పది రాశాను."

"అన్నానమ్మా. ఇంటికొచ్చి కుర్చీలో కూర్చుని బాగున్నారా అని అడిగితే, బాగాలేను అని మొహం మీద ఎలా అంటాను? అడిగిన మనిషి ఏమనుకుంటుంది?"

"నేనూ అంతే," అంది నాలుగో అంతస్తు నర్సు. "తొమ్మిది అంటే గొప్పలకు పోయినట్టు ఉంటుందని ఎనిమిది అన్నాను గానీ, నిజానికి ఆరోజు నాకు ఒళ్లు మండిపోతోంది."

ఎదురు బిల్డింగువాళ్లు అంత మర్యాదస్తులు కారు. ప్రశ్నలమ్మ తలుపు తట్టినప్పుడల్లా ఆఫీసునూ ఆమెనూ కలిపి తిట్టి, రెండో మూడో వేసి పంపించేవాళ్లు. వాళ్ల లిఫ్టు నిక్షేపంగా తిరుగుతోంది. వీళ్లు మాత్రం మంచినీళ్లు ఇచ్చి, ఫ్యాను ఆమె వైపు తిప్పి, నోరారా బాగున్నామని చెప్పి ఇరుక్కుపోయారు. అందరూ అలా మర్యాదకే చెప్పారా అంటే అదీ కాదు. నిజంగా బాగున్నవాళ్లూ ఉన్నారని ఆమెకు తెలుసు. ఎవరిది మర్యాదో ఎవరిది నిజమో ఏడేళ్లలో తాను విడదీసి చూడలేదే అన్న ఆలోచన ఆమెకు అప్పుడు వచ్చింది. అటునుంచి అటే ఆఫీసుకు పరిగెత్తింది.

ఆఫీసులో లెక్కల సారు మంచివాడు. అదే వచ్చిన చిక్కు. చెడ్డవాడైతే నాలుగు తిట్టుకుని ఇంటికి పోవచ్చు.

"ఉన్నదే కాస్త," అన్నాడాయన కళ్లజోడు తీసి తుడుచుకుంటూ. "ఎక్కడో ఒకచోట తగ్గించక తప్పదు. ఏడుస్తున్నవాళ్ల దగ్గర లాక్కోమంటారా?"

"లిఫ్టు ఆగితే మావాళ్లూ ఏడుస్తారు సార్. వాళ్ల సంతోషంలో సగం ఆ లిఫ్టు వల్లే."

"కావచ్చు. నా దగ్గరికి వచ్చింది తొమ్మిది. తొమ్మిదిలో లిఫ్టు ఎంత, మిగతాది ఎంత అని మీరు రాయలేదు, నేను అడగలేదు." ఆయన కాసేపు కాగితాలు తిరగేసి, గొంతు తగ్గించాడు. "ఒక దారి ఉంది. గురువారం తనిఖీకి వేరే పేట నుంచి ఒకమ్మాయి వస్తుంది. అన్నిటికన్నా పై అంతస్తులో, అందరికన్నా పెద్దవాళ్లున్న ఇంటికి వెళ్తుంది. ఆ ఇంటి నుంచి ఒక్క జవాబు రాసుకుంటుంది. అది అయిదు లోపు ఉందంటే నోటీసు చించేస్తాం."

ప్రశ్నలమ్మ హమ్మయ్య అనుకోబోయి మధ్యలోనే ఆగిపోయింది. పై అంతస్తు అంటే ఎనిమిది. ఎనిమిదిలో అందరికన్నా పెద్దావిడ సాక్షాత్తూ తన అత్తగారు. ఇంట్లో ఉండేది అత్తా కోడళ్లిద్దరే. భర్త ఎక్కడో సముద్రపు ఒడ్డున గాలిమరలు బాగుచేసే పనిలో ఉండి రెండు నెలలకోసారి మొహం చూపించి పోతాడు. అత్తగారు తనకు తాను వేసుకున్న మార్కులు పదికి పది. బిల్డింగు మొత్తంలో ఆ పది గురించి మాత్రం ప్రశ్నలమ్మకు అనుమానం లేదు. అది మర్యాద పది కాదు.

బుధవారం పొద్దున్న పదింటికి ఆమె ఉమ్మడి వంటింట్లోకి అడుగుపెట్టింది. కార్లు పోయాక ఖాళీ పడిన కింది పార్కింగులోనే ఆ వంటిల్లు. నేల మీద కార్లు నిలిపే తెల్ల గీతలు ఇంకా చెరిగిపోలేదు. గీతకూ గీతకూ మధ్య ఒక్కో బల్ల. ఎవరి పొయ్యి వారు వెలిగించుకుంటే గ్యాసు చాలదు కాబట్టి నలభై ఇళ్లకూ కలిపి ఇక్కడే వండుతారు. బట్టలుతికే గది ఒకటే, ఎండ వేళ కూర్చునే చల్లగది ఒకటే. మొదటి ఏడాది గిన్నెల కోసం కూడా కొట్టుకున్నారు. తర్వాత అలవాటైంది. ఆ తర్వాత, వాళ్లకే తెలియకుండా, ఇష్టమైంది.

బల్లల వరసకు చివర ఎత్తు కుర్చీలో అత్తగారు చాకు పట్టుకుని బీన్సు తరుగుతోంది. ఎవరు ఏది ఎంత సన్నగా తరగాలో ఆవిడ నోటి నుంచే రావాలి. మోకాళ్లు ఏనాడో చేతులెత్తేశాయి గనక తొమ్మిదింటి లిఫ్టులో దిగుతుంది, అయిదింటి లిఫ్టులో ఎక్కుతుంది. అన్నీ దండిగా ఉన్న రోజుల్లో ఆవిడ ఎలా ఉండేదో కోడలికి గుర్తుంది. సొంత ఫ్రిజ్జు, సొంత వాషింగ్ మిషను, గదికో ఏసీ, గోడంత టీవీ, వాటి మధ్య ఆవిడ ఒక్కతే. కొడుకూ కోడలూ ఎనిమిదింటికి వెళ్తే మళ్లీ ఎప్పటికో వచ్చేవాళ్లు. ఫ్రిజ్జు తలుపు తీసినప్పుడు లైటు వెలిగితే "వచ్చావా" అని పలకరించేదాన్నని ఇప్పుడు ఆవిడే అందరికీ నవ్వుతూ చెబుతుంది. విన్నవాళ్లు నవ్వుతారు. కోడలికి మాత్రం నవ్వు రాదు.

"అత్తయ్యా, ఒక్కసారి పక్కకు వస్తారా?"

"నేను పక్కకు రావాలంటే ఇద్దరు మనుషులు కావాలి. ఇక్కడే చెప్పు."

ఇక్కడే చెప్పింది. తనిఖీ సంగతి, ఒక్క జవాబు సంగతి, అయిదు లోపు సంగతి. చెబుతుంటే చుట్టూ చాకుల చప్పుడు ఒక్కొక్కటే ఆగిపోయింది.

"అంటే, రేపొచ్చే పిల్లకు నేను బాగాలేనని చెప్పాలి," అంది అత్తగారు.

"మూడో నాలుగో అనండి చాలు."

"అనను."

అంతే. బీన్సు మళ్లీ తరగడం మొదలుపెట్టింది. దర్జీ బాబాయి వచ్చి బల్ల పక్కన నిలబడ్డాడు. "మా కోసం కాదు పెద్దమ్మా, మేం మెట్లెక్కుతాం. లిఫ్టు ఆగితే పైన ఉండిపోయేది మీరే."

"తెలుసు బాబూ. మోకాళ్లు నావేగా."

"మరి?"

"మరేం లేదు. అనను."

ప్రశ్నలమ్మకు రెండు రోజుల నుంచి అణిచిపెట్టుకున్నదంతా ఒక్కసారి పైకి తన్నుకొచ్చింది. "ఒక్క అంకె అత్తయ్యా! నోటితో ఒక్క అంకె మార్చి చెప్పడానికి ఇంత పంతమా? ఒకటో తారీఖు నుంచి మీరు పైన, వీళ్లంతా కింద. నేను పొద్దున్న పోతే సాయంత్రానికి గానీ రాను. మళ్లీ ఆ గోడలు చూస్తూ కూర్చుంటారా? నా ఫారం వల్ల మీకా గతి పట్టిందని జన్మంతా నేను మొయ్యాలా?"

వంటింట్లో ఇంత గట్టిగా ఆమె ఎప్పుడూ మాట్లాడలేదు. అత్తగారు చాకు బల్ల మీద పెట్టి, చేతులు తుడుచుకుని, కోడలి మొహంలోకి చూసింది.

"నీకది అంకె. నాకు కాదు," అంది నెమ్మదిగా. "డెబ్భై నాలుగేళ్లొచ్చాయి నాకు. ఉప్పు సరిపోయిందా అని అడిగారు. మందు వేసుకున్నావా అని అడిగారు. తాళంచెవి ఎక్కడ పెట్టావని అడిగారు. నువ్వు బాగున్నావా అని అడిగి, చెప్పేదాకా ఆగి, చెప్పింది కాగితం మీద పెట్టిన మనిషివి నువ్వొక్కదానివే. అది నీ ఉద్యోగం, నాకు తెలుసు. అయినా అడిగావు. నేనేమన్నాను? ఒక రోజు ఆగమన్నాను, గుర్తుందా? ఆ రోజంతా ఆలోచించాను. పెళ్లి కాకముందు, పెళ్లయ్యాక, మీ మామయ్య పోయాక, అన్నీ పక్కపక్కన పెట్టుకుని చూసుకున్నాను. ఇప్పుడున్నంత బాగా ఎప్పుడూ లేనని తేలింది. అప్పుడు చెప్పాను పది. దాన్ని నా చేత్తో నన్నే కొట్టేయమంటే ఎలా చెప్పు?"

ఆ ప్రశ్న తాను ఎలా అడిగిందో ప్రశ్నలమ్మకు బాగా గుర్తుంది. ఆ రోజుకు అది చివరి ఫారం. చెప్పులు కూడా విప్పకుండా గడియారం చూస్తూ అడిగింది. ఒక రోజు ఆగమంటే విసుక్కుంది కూడా. సిగ్గుతో చెవులు కాలిపోయాయి.

ఆమె సంచీ సర్దుకుని వీధిలోకి వచ్చేసింది.

ఆ రోజు అడగాల్సిన ఇళ్లు తొమ్మిది ఉన్నాయి. అడిగింది, రాసుకుంది. ఒక ఇంటికీ ఇంకో ఇంటికీ మధ్య నడుస్తుంటే మాత్రం ఊపిరి ఆడినట్టుంటుంది ఆమెకు. ఎండ, దుమ్ము, అరిగిన చెప్పులు, పక్కన ఎవరూ లేకపోవడం. నిజం చెప్పుకోవాలంటే ఈ ఉద్యోగంలో ఆమెకు నచ్చేది ఆ నడకే. ఉమ్మడి వంటింట్లో అత్తగారికి దొరికింది ఆమెకు దొరకలేదు. అందరితో కలిసి వండి, అందరితో కలిసి ఉతికి, ఇంట్లో నడిచేది ఒక్క ఫ్యానే గనక అత్తగారి పక్కనే పడుకుని, తలుపు వేసుకుని ఒంటరిగా కూర్చునే చోటంటూ లేక ఆమె లోలోపల మాడిపోతోంది. జనం ఇంత తక్కువలో ఇంత బాగా సర్దుకుంటుంటే నాకేం రోగం అనుకునేది. అందుకే ఎవరికీ చెప్పలేదు. ఆమెను అడిగినవాళ్లూ లేరు.

గురువారం అత్తగారు కిందికి దిగకుండా ఇంట్లోనే ఉంది. పదకొండింటికి తనిఖీ అమ్మాయి వచ్చింది. పాతికేళ్లు కూడా ఉండవు. ఆ వేళకు కరెంటు ఉండదు గనక మెట్లెక్కి వచ్చి రొప్పుతోంది. చెమట తుడుచుకుని, నమస్కారం పెట్టి, "అక్కా, మీరు మా డిపార్టుమెంటే కాబట్టి కాసేపు బయట ఉండాలి, ఏమీ అనుకోకండి," అంది. ప్రశ్నలమ్మ వసారాలోకి వచ్చి తలుపు దగ్గరగా వేసింది. పూర్తిగా వేస్తే ఏమీ వినపడదు మరి.

"బామ్మగారూ, ఇప్పుడు ఉన్నదాంతో మీరు ఎంత బాగున్నారు? పదికి..."

"పది," అంది అత్తగారు, ప్రశ్న పూర్తి కాకముందే.

ప్రశ్నలమ్మ గోడకు ఆనుకుంది. అయిపోయింది. వచ్చే నెల నుంచి ఈవిడ ఈ గదిలో, కుర్చీ కిటికీ దగ్గరికి లాక్కుని, ఎవరొస్తారా అని చూస్తూ.

"సరే, అయితే రాసేస్తాను."

"ఆగమ్మా. ఇంటి నుంచి ఒక్క జవాబన్నావు. అది నాదే కావాలని రూలుందా?"

"లేదండీ. ముందు పెద్దవాళ్లను అడుగుతాం. ఇంట్లో ఉండే ఎవరిదైనా పనికొస్తుంది."

"అయితే నాది వదిలెయ్. నా కోడల్ని అడుగు."

బయట ప్రశ్నలమ్మ నిటారుగా నిలబడింది.

"మీ కోడలు బాగాలేరా?"

"నేను అయిదింటి లిఫ్టులో పైకొస్తాను. దానికి ఇనప జాలీ తలుపు, లోపల్నుంచి బయటంతా కనిపిస్తుంది. ఏడో అంతస్తు దాటేటప్పుడు మెట్ల మలుపులో ఒక్కతే కూర్చుని ఉంటుంది. రోజూ. ఒక్కోరోజు ఊరికే కూర్చుంటుంది, ఒక్కోరోజు కళ్లు తుడుచుకుంటూ ఉంటుంది. పావుగంట తర్వాత ఇంట్లోకొచ్చి, మందు వేసుకున్నారా అత్తయ్యా అంటుంది. మొహం కడుక్కునే వస్తుంది."

"మీరెప్పుడూ అడగలేదా?"

"అడగాలంటే నోరు రాలేదమ్మా. అత్తను కదా. నేనడిగితే బాగానే ఉన్నాననేస్తుంది, అక్కడితో తలుపు మూసుకుపోతుంది. నువ్వు ఆ కాగితం పట్టుకుని అడిగితే అబద్ధం చెప్పదు. ఆ పనంటే తనకంత గౌరవం."

ఆ మలుపు ఎవరికీ తెలియదనుకుంది ప్రశ్నలమ్మ. మెట్ల మీద అడుగుల చప్పుడు వినపడితే లేచి, ఫారాలు సర్దుకుంటున్నట్టు నటించేది. లిఫ్టు సంగతి ఆమెకు తట్టలేదు. ముందు ఒళ్లు మండింది, ఇన్నాళ్లూ దొంగచాటుగా చూస్తోందా అని. ఆ తర్వాత ఏడుపొచ్చింది. ఇన్నాళ్లూ ఒకరు చూస్తూనే ఉన్నారన్నమాట.

కానీ అత్తగారికి తెలియని రూలొకటి కోడలికి తెలుసు. ప్రశ్నలు అడిగేవాళ్లు తమ జవాబు చెప్పకూడదు. సొంత బాధ ఉన్న మనిషి ఎదుటివాళ్లది సరిగా రాయదని ఆఫీసు నమ్మకం. చెప్పారంటే జవాబు చెల్లుతుంది గానీ, ఆ రోజే సంచీ తిరిగి ఇచ్చెయ్యాలి. సంచీ పోతే వీధి పోతుంది, ఆ నడక పోతుంది. పొద్దున్న తొమ్మిదింటికి అత్తగారితో పాటు లిఫ్టులో దిగి, సాయంత్రం దాకా ఆ బల్లల మధ్య నిలబడాలి.

"అక్కా, లోపలికొస్తారా?"

వెళ్లింది. అమ్మాయి కుర్చీ చూపించింది. ఎన్ని వేల ఇళ్లలో తాను అలా చూపించిందో. కూర్చున్నాక గానీ తెలియలేదు, కుర్చీలో ఇటువైపు నుంచి చూస్తే ఆ పెన్ను ఎంత పెద్దగా కనిపిస్తుందో.

"ఇప్పుడు ఉన్నదాంతో మీరు ఎంత బాగున్నారక్కా? పదికి ఎన్ని వేసుకుంటారు?"

అత్తగారు నేల చూపులు చూస్తోంది. ప్రశ్నలమ్మ తొందరపడలేదు. లిఫ్టును పక్కన పెట్టింది, నోటీసును పక్కన పెట్టింది, దర్జీ బాబాయినీ నర్సునూ పక్కన పెట్టింది. తన రోజు మాత్రం తలుచుకుంది, లేచింది మొదలు పడుకునేదాకా.

"రెండు," అంది. "లిఫ్టు కోసం చెప్పడం లేదు. నిజంగానే రెండు."

అనేశాక గుండెల మీంచి ఏదో దిగినట్టయింది. అమ్మాయి మాత్రం పెన్ను ఎత్తలేదు.

"రూలు మీకు తెలుసు కదక్కా. ఇది రాస్తే ఆ సంచీ నేను తీసుకెళ్లాలి. రేపటి నుంచి మీరు డ్యూటీకి రాకూడదు."

"తెలుసు. రాయి."

"సంచీ ఏంటి?" అత్తగారు తలెత్తింది. "ఎందుకు తీసుకెళ్తుంది? నాకెవరూ చెప్పలేదే."

"ఏం లేదత్తయ్యా. రేపటి నుంచి నేనూ మీతోపాటు వంటింట్లోకి వస్తాను. అంతే."

అత్తగారు ఆ సంచీ వైపు చూసింది, కోడలి అరిగిన చెప్పుల వైపు చూసింది. ఆవిడ మోకాళ్లకు బలం లేదు గానీ బుర్రకు కొదవ లేదు. రోజంతా బయట తిరిగొచ్చి కూడా మెట్ల మీద కూర్చుని ఏడ్చే మనిషికి ఆ తిరగడం కూడా లేకపోతే ఏమవుతుందో ఎవరూ ఆవిడకు విడమరిచి చెప్పక్కర్లేదు. కుర్చీలోంచి ముందుకు వంగి, ఫారం మీద అరచెయ్యి పెట్టేసింది.

"దాని రెండు రాయకు. నాది రాసుకో. మూడు."

"ఇప్పుడేగా పదన్నారు బామ్మగారూ?"

"ఇప్పుడేగా అది రెండు అన్నది విన్నాను."

"కానీ మీరు రోజూ లిఫ్టులోంచి చూస్తూనే ఉన్నారు. చూస్తూనే పది వేసుకున్నారు."

అత్తగారు ఫారం మీంచి చెయ్యి తీయలేదు. "అవునమ్మా. చూస్తూనే వేసుకున్నాను. నా వరకు చూసుకున్నాను. అది తలుచుకుంటే మూడు కూడా ఎక్కువే."

"అత్తయ్యా, వద్దు. మీది పదే," అంది ప్రశ్నలమ్మ. తన గొంతు తనకే కొత్తగా ఉంది. "ఒక రోజంతా ఆలోచించి చెప్పారు. చెల్లీ, నాది రాయి."

"దాని మాట వినకు. నాది రాయి."

తనిఖీ అమ్మాయి అత్తనూ కోడల్నీ మార్చి మార్చి చూసింది. రెండు అంకెల్లో ఏది రాసినా నోటీసు చిరిగిపోతుంది, లిఫ్టు తిరుగుతుంది. కోడలి అంకె రాస్తే ఆమె సంచీ పోతుంది. అత్తగారి మూడు రాస్తే ఆ పెద్దావిడ డెబ్భై నాలుగేళ్లకు సంపాదించుకున్న పది కాగితం మీంచి చెరిగిపోతుంది. అమ్మాయి అత్తగారి చేతి కిందనుంచి ఫారం మెల్లగా లాక్కుంది.

"ఇక్కడ ఉన్నది ఒక్క గడే," అంది పెన్ను మూత తీస్తూ. "బయటికి వెళ్లండి, ఇద్దరూ."